ఖాళీ గడిలో సున్నా ఎందుకు పెట్టలేదంటే

మన ఇంటి వంశావళి నోటుబుక్కును కంప్యూటర్లోకి ఎక్కించే పని సాగుతా ఉంది. "ఎక్సెల్‌లో వరసగా పేర్లు రాస్తే చాలదా, డేటా మోడల్ ఎందుకు?" అని బంధువులు అడుగుతున్నారు. దానికి కారణం మన కల్లావే.

ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లా పేరే మారుతూ వచ్చింది. 1965 దాకా సేలం, తర్వాత ధర్మపురి, 2004 నుండి కృష్ణగిరి. పాత కాగితాల్లో ఒకే ఊరు మూడు జిల్లాల్లో కనిపిస్తుంది. అందుకని మనుషులకు ఒక పట్టిక, ఊళ్లకు ఒక పట్టిక పెట్టి, ఊరి నంబరుతో రెండింటినీ కలిపినాము. ఎక్సెల్ 2013 నుండి ఈ వసతి ఉంది.

లెక్క తీయడానికి పైవట్ టేబుల్ చాలు. కానీ కొత్త తరం చేరితే అది పెరిగిపోయి, మనం గీసుకున్న పేజీలో ఇమడదు. క్యూబ్ ఫంక్షన్లు అట్ల కాదు. క్యూబ్‌మెంబర్‌తో ఒక గడిలో ఊరిని, ఇంకో గడిలో తరాన్ని పెట్టుకుంటాము. ఆ రెండూ కలిసే చోట ఎంతమందో క్యూబ్‌వాల్యూ తెచ్చి, మనం కోరిన గడిలోనే చూపిస్తుంది. ఫార్ములా రాయడం కష్టమనిపిస్తే మోడల్ మీద పైవట్ చేసి, ఓలాప్ టూల్స్‌లో కన్వర్ట్ టు ఫార్ములాస్ నొక్కితే అవే వస్తాయి.

ఊరి పేరు తప్పు రాస్తే గడిలో ఎన్/ఏ అని వస్తుంది, అంటే ఆ పేరు మోడల్‌కు తెలీదని. పేరు సరిగ్గా ఉండి లెక్క దొరక్కపోతే గడి ఖాళీగా ఉంటుంది. మొదటిదాన్ని దిద్దుకోవచ్చు. మమ్మల్ని ఆలోచనలో పడేసింది రెండోది. ముత్తాతల తరంలో కల్లావిలో పుట్టిన ఆడపిల్లలు ఎంతమంది అని అడిగితే గడి ఖాళీ. నోటుబుక్కులో కొడుకుల పేర్లే రాసినారు. కూతుళ్లు పెళ్లయి పోయినాక అత్తగారింటి లెక్కలోకి పోయినారు.

ఆ గడిలో సున్నా పెడితే పేజీ చూడ్డానికి బాగుంటుందని ఇంట్లో ఒకరు అన్నారు. మేము పెట్టలేదు. సున్నా అంటే లెక్కపెట్టి చూసి, ఎవరూ లేరని చెప్పినట్టు. ఇక్కడ లెక్కే పెట్టలేదు.

మీ అవ్వకో, జేజికో పుట్టినిల్లు కల్లావి అయితే ఆమె పేరు, మెట్టిన ఊరు రాసి పంపండి. మనుషుల పట్టికలో ఒక వరస చేర్చి రిఫ్రెష్ కొడితే చాలు, ఆ గడిలో ఒకటి పడుతుంది.