గవ్వలా? ఎత్తులా?

చివ్వెంలలో మా ఇంటి అరుగుబండ మీద రెండు ఆటల గీతలున్నాయి. ఒకటి అష్టాచెమ్మ, రెండోది పులి-మేక. పొలం పనులు లేని మధ్యాహ్నాల్లో నాయనమ్మ మొదటిదీ, నాయన రెండోదీ ఆడేవారు.

అష్టాచెమ్మలో గవ్వలదే పెత్తనం. నాలుగు గవ్వలు పదహారు రకాలుగా పడవచ్చు. బోర్లా, వెల్లకిలా పడే అవకాశం సమానమనుకుంటే అష్ట పడేది పదహారింట ఒక్కసారి, చెమ్మా అంతే. రెండు మాత్రం ఆరుసార్లు. ఈ లెక్క నాకు బి.యస్సీ.లో చేరాక తెలిసింది. చదువురాని నాయనమ్మకు మాత్రం ఏ కాయను నడపాలో, ఏ కాయను చంపుడు లేని గడిలో ఆపాలో ఎప్పుడో తెలుసు. పులి-మేకలో అసలు గవ్వలే లేవు. మూడు పులులు, పదిహేను మేకలు. ఓడితే తప్పు మనదే.

ఇంత తెలిసీ హాస్టల్లో పందెం రమ్మీకి కూర్చున్నాను. రమ్మీ ముఖ్యంగా నేర్పుతో ఆడే ఆట అని 1967లో సుప్రీంకోర్టు ఒక సికింద్రాబాదు క్లబ్బు కేసులో చెప్పింది. పడిన ముక్కలు గుర్తుండాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి. ఆ తీర్పు మిత్రులకు గొప్పగా వినిపించాను. నేర్పు ఆటైనా పందెం కాస్తే జూదమేనని 2017లో మన రాష్ట్రం చట్టం మార్చిన సంగతి మాత్రం మింగేశాను. మొదటి మూడు రాత్రులు గెలిచి నా తెలివన్నాను. తర్వాత ఓడి దురదృష్టమన్నాను. వడ్లమ్మి నాయన పంపిన మెస్సు డబ్బులు మూడు వేలు పోయాయి.

ఇంటికెళ్లి చెప్పాను. నాయన తిట్టలేదు.

"మనం మూడు బోర్లు ఏసినం కొడుకా. రెండిట్ల దుమ్ము లేసింది. అప్పుడు నన్ను పిచ్చోడన్నరు. మూడోదాంట్ల నీళ్లు పడ్డయి, తెలివిగలోడన్నరు. నేనైతే ఒక్కణ్ణే. మూడోదానికి అప్పు పుట్టకపోతే పిచ్చోణ్ణిగనే ఉందును."

మిత్రులారా, నేర్పు బయటపడాలంటే చాలా ఆటలు ఆడాలి. ఒక రాత్రి గెలుపు ఏమీ రుజువు చెయ్యదు. అన్ని ఆటలదాకా నిలబడే డబ్బు మనలాంటి ఇళ్లలో ఉండదు. నేర్పున్నవాడి జేబు కూడా ముందే ఖాళీ అవుతుంది. కాలేజీలో ప్రాబబిలిటీ చదివిన నాకు ఈ ముక్క నాయన దగ్గరే ఎక్కింది.

బోరు వెయ్యక రైతుకు తప్పదు. ముక్కలు పట్టకపోతే నాకు పోయేదేమీ లేదు.

ఇప్పుడు సెలవులకు వెళ్తే నాయనతో పులి-మేక ఆడుతున్నాను. ఇంకా ఓడిపోతూనే ఉన్నాను. గవ్వల మీద నెట్టెయ్యడానికి మాత్రం వీల్లేదు.