"నీ ఫోన్ పాతదిరా" అన్నాం, తప్పు ఫోన్‌ది కాదు

కొంచెం పెద్ద పోస్టు. హాస్టల్లో ఉండేవాళ్ళు ఓపిగ్గా చదవండి.

మా హాస్టల్లో 110 మందిమి ఉంటాం. చాలామందిమి ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాళ్ళం. ఊళ్ళో సిగ్నల్ కోసం కొండెక్కినోళ్ళం కాబట్టి హాస్టల్లో వైఫై పెట్టినరోజు మాకు పండగే.

ఈ ఏడు ఫస్టియర్ తమ్ముళ్ళు చేరాక తంటా మొదలైంది. వాళ్ళ ఫోన్లలో "ఆబ్టెయినింగ్ ఐపీ అడ్రస్" అని తిరుగుతూ ఉంటుంది, కాసేపటికి ఊడిపోతుంది. వార్డెన్ సారుకి చెబితే "రాత్రంతా రీల్స్ చూస్తే నెట్ ఎక్కడుంటది?" అన్నారు. సారు సంగతి సరే, మేమేం తక్కువ కాదు. సెకండ్‌హ్యాండ్ ఫోన్ పట్టుకొని మా గదికొచ్చిన తమ్ముడితో "నీ ఫోన్ పాతదిరా, మార్చుకో" అన్నాం. వాడు స్కాలర్‌షిప్ ఫారం కోసం మూడుసార్లు బజార్లో నెట్ సెంటర్‌కి తిరిగాడు. ఊరెళ్ళడానికి దాచుకున్న 300 రూపాయలు అక్కడే అయిపోయాయి. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అదే మమ్మల్ని తొలిచేసింది.

మేము ముగ్గురం కంప్యూటర్స్ చదువుతున్నాం. మా రౌటర్లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఉంది. అందులో టీసీపీడంప్ వేసుకుంటే, రౌటర్ గుండా పోయే ప్యాకెట్లను ఫైల్లో పట్టొచ్చని ల్యాబ్‌లో నేర్చుకున్నాం. సారుని బతిమాలి అనుమతి, పాస్‌వర్డ్ తీసుకున్నాం. కానీ అన్నీ పట్టేస్తే ఎవరు ఏ సైట్‌కి పోతున్నారో కూడా కనబడొచ్చు. అది తప్పు. అందుకే 67, 68 పోర్టులు మాత్రమే పట్టాం. ఫోన్ అడ్రస్ అడిగేదీ, రౌటర్ ఇచ్చేదీ ఆ పోర్టుల్లోనే. రాత్రి హాజరు టైములో అందరికీ ముందే చెప్పాం. 15 నిమిషాలు పట్టి, ఫైల్‌ని ల్యాప్‌టాప్‌లో వైర్‌షార్క్‌తో తెరిచాం.

చూడాల్సింది నాలుగు మాటలే. ఫోన్ "డిస్కవర్" అంటది, అంటే అడ్రస్ ఇచ్చేవాళ్ళున్నారా అని. రౌటర్ "ఆఫర్" అంటది. ఫోన్ "రిక్వెస్ట్" అంటది. రౌటర్ "అక్" అంటే పని అయిపోయినట్టే. పాత సీనియర్ల ఫోన్లు రిక్వెస్ట్ పంపగానే అక్ వచ్చేస్తోంది. 19 ఫోన్లు మాత్రం డిస్కవర్ మీద డిస్కవర్ పంపుతున్నాయి. ఒక్కదానికీ ఆఫర్ రాలేదు. తమ్ముడి ఫోన్ అందులోనే ఉంది. అది అడగాల్సినట్టే అడుగుతోంది. పలకనిది రౌటరే.

సెట్టింగులు తెరిస్తే సంగతి తేలిపోయింది. ఎప్పుడో ఎవరో అడ్రసులు 50కి కుదించి, ఒక్కోటి 24 గంటలు పట్టి ఉంచేలా పెట్టారు. రోజూ వాడేవాళ్ళకి గడువు అయ్యేలోపే మళ్ళీ పొడిగింపు వస్తది. 50 మనవే, సీనియర్లవే. కొత్తగా వచ్చినోళ్ళకి ఖాళీ ఎప్పుడొస్తది? పండక్కి రెండ్రోజులు ఊరెళ్ళి వచ్చినోళ్ళకీ అంతే. రీల్స్‌కీ దీనికీ సంబంధమే లేదు. అడ్రస్ లేని ఫోన్ రీల్ ఎట్లా చూస్తది?

సారుకి స్క్రీన్ మీద ఆ 19 వరసలూ చూపించాం. కాసేపు చూసి "మార్చండి" అన్నారు. అడ్రసులు 200 చేశాం, గడువు 4 గంటలకి తగ్గించాం. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. ఆ రాత్రే తమ్ముళ్ళ ఫోన్లకి నెట్ వచ్చింది.

తమ్ముడికి 300 మేము ముగ్గురం కలిసి ఇచ్చాం. వద్దన్నాడు, జేబులో పెట్టాం. "ఫోన్ బాగానే ఉందన్నమాట" అని నవ్వాడు. మాకు మాత్రం నవ్వు రాలేదు. ఊళ్ళో మనల్ని ఆఫీసుల చుట్టూ తిప్పినోళ్ళు కూడా ఇదే కదా అనేది, "నీ కాగితంలోనే తప్పుంది" అని. అదే మాట మనోడితో మేమే అన్నాం.

మీ హాస్టల్లోనూ కొత్తవాళ్ళకే నెట్ రాకపోతే ముందు అడ్రసులెన్ని, మనుషులెంతమంది అని చూడండి. పట్టేముందు అనుమతి అడగండి, అందరికీ చెప్పండి, చూశాక ఫైల్ తీసేయండి. తెలియకపోతే కింద రాయండి, మాకొచ్చింది చెబుతాం.

జై ఆదివాసీ.