పాలకూ నిమ్మకాయకూ పొత్తు

పాలూ నిమ్మరసమూ ఒక గిన్నెలో కాపురం చెయ్యవని మన ఇళ్లల్లో ఆడపిల్లలకు ఎవరూ పనిగట్టుకుని నేర్పరు. కాస్త వూహ తెలిసేసరికి అదే తెలిసిపోతుంది. పాలగిన్నె పక్కన నిమ్మకాయ కోస్తే అమ్మమ్మ కళ్లెర్రజేస్తుంది. మజ్జిగ ముట్టిన చేత్తో పాలగిన్నె దించబోతే అమ్మ చెయ్యి కడుక్కు రమ్మంటుంది. పాలు విరగడమంటే మనకు గిన్నెడు పాలు దండగ కావడమొకటే కాదు; ఆ పూట ఇంట్లో ఏదో వెలితి పడినట్టే లెక్క. అటువంటి ఇళ్లల్లోకి ఈమధ్య నిమ్మకాయా పాలూ కలిపి చేసే చల్లని పానీయం ఒకటి దర్జాగా నడిచి వచ్చింది. మా అడవులదీవికీ వచ్చింది. వచ్చి ఏం చేసిందో, చివరకు ఏ రూపమెత్తిందో చెబుతాను. చేసుకునే పద్ధతి కూడా చెబుతాను గనుక కాగితమూ కలమూ దగ్గర పెట్టుకోండి.

మా వూరు ఎరగనివారికి ఒక మాట. రేపల్లెకు దిగువన, నిజాంపట్నం మండలంలో, సముద్రానికి చేరువగా వుంటుంది అడవులదీవి. 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లాలో వున్నాం. అప్పటినించీ బాపట్ల జిల్లా వాళ్లమయ్యాం. కృష్ణ కాలవల కొసన వున్నవాళ్లం. సముద్రం దగ్గర గనుక భూమిలో నీళ్లు ఉప్పన. వేసవిలో కాలవలు కట్టేసే ముందు చెరువులు నింపి పెట్టుకోవడం ఈ ప్రాంతపు అలవాటు. ఇక ఎండ సంగతంటారా, గుంటూరు ఎండ కాలుస్తుంది, మా ఎండ ఉడకబెడుతుంది. గాలిలో తేమ ఎక్కువ గనుక పట్టిన చెమట ఆరదు. చెమట ఆరితేనే గదా ఒళ్లు చల్లబడేది! రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా దగ్గర రోళ్లు పగలవు గాని మనుషులు సోలిపోతారు.

మా అత్తయ్యకు ఎనభై రెండేళ్లు. కిందటి వేసవిలో ఆవిడ మంచినీళ్లు తాగడం మానేసింది. మానేసిందంటే పంతం పట్టి కాదు. దాహం వెయ్యడం లేదంటుంది. ఉదయం ఒక గుక్క, మధ్యాహ్నం ఒక గుక్క. మే నెల మొదటి వారానికి నాలుక పిడచకట్టుకుపోయి, లేచి నిలబడితే కళ్లు తిరగడం మొదలుపెట్టింది. డాక్టరుగారు చూసి, వయసు మళ్లినవాళ్లకు దాహం సరిగ్గా తెలియదనీ, ఒంట్లో నీళ్లు తగ్గినా నోరు ఆ సంగతి చెప్పదనీ, అడిగినప్పుడు ఇద్దామని కూర్చోక గంటగంటకూ ఏదో ఒకటి తాగిస్తూ వుండమనీ చెప్పారు. మజ్జిగ ఇస్తే, “పాకెట్టు పెరుగు వాసన” అని పక్కన పెట్టింది. కొబ్బరినీళ్లు రెండు రోజులు తాగి మొహం తిప్పుకుంది. గంటకోసారి గ్లాసు పట్టుకుని వెళుతూ వుంటే, “నేనేమన్నా చెట్టునా అమ్మాయ్, పాదు చేసి నీళ్లు పొయ్యడానికి?” అన్నది.

అదే సమయానికి మా అమ్మాయి హైదరాబాదు నుంచి సెలవుల మీద వచ్చింది. దాని పెట్టెలో పుస్తకాలతోపాటు తియ్యని గట్టిపాల డబ్బాలు రెండు వున్నాయి. “నాయనమ్మ చేత నేను తాగిస్తాను, చూడమ్మా!” అని వంటింట్లో దూరింది.

అది చేసింది బ్రెజిల్ దేశపు నిమ్మరసం. ఆ దేశంలో దాన్ని స్విట్జర్లాండు నిమ్మరసమంటారట. మన వూళ్లల్లో మైసూరు బజ్జీ వున్నట్టే ననుకోండి! నాలుగు నిమ్మకాయలు కడిగి, తొక్కతోనే నాలుగేసి ముక్కలు చేసి, గింజలు తీసి, చల్లని నీళ్లూ పంచదారా పోసి మిక్సీలో రెండే రెండు తిప్పులు తిప్పింది. ఎక్కువ తిప్పితే తొక్కలోని చేదంతా దిగుతుందట. వెంటనే వడగట్టి, డబ్బా పాలు నాలుగు చెంచాలు కలిపి మళ్లీ ఒక తిప్పు. పైన నురగ, కింద వెన్నలాంటి చిక్కదనం, లేత ఆకుపచ్చ రంగు. చూడముచ్చటగానే వున్నది.

గ్లాసు వాసన చూసి అత్తయ్య, “ఇందులో పాలు పోశావుటే?” అన్నది.

“పోశాను. కాని విరగలేదు నాయనమ్మా, చిక్కబడింది!”

“విరగబోయే పాలకు ఆ మాటే చెబుతారు” అని, పిల్ల మొహం చూసి పాపమనిపించి రెండు గుక్కలు తాగింది. “నాలుక అంటుకుపోతున్నది. దీని మీదికి ఇంకో గ్లాసు మంచినీళ్లు కావాలి” అని గ్లాసు దించింది. అన్నదే గాని ఆ మంచినీళ్లూ తాగలేదు.

ఇక్కడ ఆగి, పాలు ఎందుకు విరుగుతాయో చెప్పుకుంటే తరవాతి కథ సులువుగా అర్థమవుతుంది. పాలలో కేసీను అనే మాంసకృత్తు వున్నది. అది కంటికి కనపడని ఉండలుగా, ఒకదాన్నొకటి అంటకుండా తేలుతూ వుంటుంది. పులుపును కొలిచే లెక్క ఒకటున్నది. అందులో అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. మామూలు పాలు 6.6 దగ్గర వుంటాయి. నిమ్మరసం 2కూ 2.5కూ మధ్య. పాలు 4.6 దగ్గరకు దిగేసరికి ఆ ఉండలు ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకడతాయి. వేడిపాలయితే మరీ తొందర. డబ్బా పాలలో నీళ్లు తక్కువ, పంచదార దాదాపు సగం. అందువల్ల నిమ్మరసం తగిలినా ముక్కలుగా విరగకుండా నున్నగా గట్టిపడతాయి. అందుకే ఆ పానీయం చేసిన వెంటనే తాగాలి. అరగంట వుంచితే తేట ఒకవైపు, తరక ఒకవైపు.

మా అమ్మాయి అంత తేలిగ్గా వదిలే రకం కాదు. పరదేశపు పానీయమని నాయనమ్మ ముట్టుకోవడం లేదనుకుని, మర్నాడు చరిత్ర అందుకుంది. “నాయనమ్మా, నిమ్మరసపు పానకాలు మన నిజాంపట్నానికి కొత్తవి కావు. 1611లో ఇంగ్లీషువాళ్ల ‘గ్లోబ్’ ఓడ వచ్చి ఆగింది మన రేవులోనే. వాళ్ల నోట అది పెట్టపోలి. పంచ్ అనే పానీయం పేరు ఇంగ్లీషు రాతల్లో మొదటిసారి కనిపించేది 1632లో, ఈ పెట్టపోలిలో వున్న వర్తకుడికి ఇంకొక ఇంగ్లీషువాడు రాసిన ఉత్తరంలో!” అని ఏకరువు పెట్టింది.

ఈ మాట నేనూ తరవాత చూశాను, నిజమే. సారా, నిమ్మరసం, పంచదార, నీళ్లు, సుగంధద్రవ్యం, ఈ అయిదూ కలిపేవారు గనుక హిందూస్థానీలోని ‘పాంచ్’ నుంచి ఆ పేరు వచ్చిందని పదిహేడో శతాబ్దంలోనే ఇక్కడ తిరిగిన ఇంగ్లీషు వైద్యుడొకాయన రాశాడు. కాదనే పండితులూ వున్నారు. తరవాతి కాలంలో ఆ పంచ్‌లో వేడిపాలు పోసి, కావాలనే విరగ్గొట్టి, గుడ్డలో వడగట్టి, తేటను సీసాల్లో దాచుకునేవారు. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1763లో ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో దాని తయారీ కూడా వివరించాడు.

అంతా విని అత్తయ్య, “సారా తాగేవాళ్లకు పాలు విరిగితేనేం, నేల పాలయితేనేం?” అన్నది. కాసేపు వూరుకుని, “అయినా మీకు పాలెందుకర్రా? విరగవలసింది ఎప్పుడో విరిగి, కుదురుకుని, పెరుగై కూర్చున్నది గదా! దానిలో నిమ్మకాయ పిండితే ఏమవుతుంది?” అన్నది.

నేనూ అమ్మాయీ మొహమొహాలు చూసుకున్నాం. ఆవిడ కేసీను పేరు ఎరగదు. కాని మాట అక్షరాలా అదే. పెరుగు అప్పటికే 4.5 దాకా దిగి వుంటుంది. అందులో కొత్తగా విరగడానికి ఏమీ లేదు. నిమ్మకాయ క్షణంలో చెయ్యబోయి చెడగొట్టే పనిని, తోడు రాత్రంతా తీసుకుని నెమ్మదిగా చేస్తుంది గనుకనే పెరుగు ముక్కలు కాకుండా నున్నగా పేరుకుంటుంది.

“అయితే చేస్తాను, వుండండి” అని నేను ఫ్రిజ్జు తలుపు తీశాను.

“ఆ పాకెట్టు పెరుగుతో అయితే నాకు వద్దు. గేదెపాలు పోయించు. తోడు నేను పెడతాను” అన్నది అత్తయ్య.

ఆవిడ వంటింట్లోకి వచ్చి అప్పటికి రెండేళ్లయింది. శ్రమ పడుతుందని మేమే రానివ్వడం మానేశాం. ఆ సాయంత్రం పీట వేయించుకుని కూర్చుని, పాలు కాగి మీగడ కట్టి గోరువెచ్చన అయ్యేదాకా కదలలేదు. వేలు ముంచి చూసి మట్టిముంతలో తోడు పెట్టింది. తెల్లవారి అటకమీది కవ్వం దింపించి, కడిగించి, తనే చిలికింది. నాలుగు తిప్పులకే ఆయాసపడి అమ్మాయికిచ్చి, “అట్లా కాదు, నెమ్మదిగా” అంటూ పక్కన కూర్చున్నది. మొదటి గ్లాసు రుచి చూసి, “పులుపు చాలలేదు” అని నిమ్మచెక్క తనే పిండుకుని గ్లాసూ ఖాళీ చేసింది. గంట తరవాత నేను తీసుకువెళ్లనక్కరలేకుండానే, “అమ్మాయ్, ముంతలో ఇంకా వున్నదా?” అని అడిగింది. వారం తిరిగేసరికి కళ్లు తిరగడం తగ్గింది.

ఇక చేసే విధానం. నలుగురికి లెక్క చెబుతున్నాను.

ఆరేడు గంటల్లో తోడుకున్న, పులియని గేదెపెరుగు మీగడతో సహా రెండు గ్లాసులు, కుండనీళ్లు రెండు గ్లాసులు, పలచని తోలున్న నిమ్మకాయలు రెండు, పంచదార అయిదారు చెంచాలు, చిటికెడు ఉప్పు, ఒక యాలక్కాయ, దొరికితే రెండు లేత దబ్బాకులు.

నిమ్మకాయలను కోయకముందే కడిగి, తుడిచి, పంచదారలో వేసి అరచేత్తో అదిమి దొర్లించండి. నిమ్మకాయ వాసన అంతా తొక్కలోని నూనెలో వుంటుంది; దాన్ని పంచదార పీల్చుకుంటుంది. ఆ తరవాత కోసి, గింజలు తీసి, రసం ఆ పంచదారలోనే పిండి కరగనివ్వండి. ఆఖరి బొట్టు కోసం తొక్కను నలిపారా, చేదు దిగుతుంది. ఈ పని గాజుగిన్నెలోనో స్టీలుగిన్నెలోనో పింగాణీలోనో చెయ్యండి. ఇత్తడి, రాగి పనికిరావు.

పెరుగును ముందు నీళ్లు పొయ్యకుండా కవ్వంతో చిలికి, మీగడ పలుకులు లేకుండా చేసుకోండి. అప్పుడు నీళ్లు కొంచెం కొంచెంగా పొయ్యండి. వెన్న పడేదాకా చిలకవద్దు. వెన్న పడితే చిక్కదనం పోతుంది. మిక్సీ అయితే రెండు తిప్పులు చాలు. చివరన నిమ్మరసపు పాకాన్ని సన్నని ధారగా పోస్తూ కలిపి, ఉప్పూ యాలకపొడీ వెయ్యండి. దబ్బాకులను ఈనె తీసి, చేత్తో చించి పైన వేసి, పది నిమిషాలయ్యాక తీసెయ్యండి. చల్లదనం కావాలంటే ఇంట్లో కాచిన నీళ్లతో చేసుకున్న ఐసు వేసుకోండి. రేవులో చేపల మీద పోసే ఐసు చేపలకే వదిలెయ్యండి.

మధుమేహం వున్నవారికి పంచదార మానేసి, అదే పెరుగులో ఒకే నిమ్మకాయ పిండి, ఉప్పూ, దంచిన అల్లమూ, చీల్చిన పచ్చిమిరపకాయా వెయ్యండి. రక్తపోటు వున్నవారికి ఉప్పు తగ్గించండి. పెరుగు అసలే పుల్లనిదయితే నిమ్మకాయ జోలికి పోకండి. చేసినదాన్ని గంటలోపల తాగెయ్యాలి, రాత్రికి దాచకండి.

ఎండాకాలంలో నిమ్మకు కాపు తక్కువ, గిరాకీ ఎక్కువ గనుక ధర మండుతూ వుంటుంది. మాకు కాయలు తెనాలి నిమ్మకాయల మార్కెట్టు నుంచే వస్తాయి. తెనాలినుంచి రేపల్లెకు 1916లో రైలు పడింది. అటువైపు వెళ్లేవారెవరున్నా వచ్చేటప్పుడు ఒక సంచీ తెమ్మనడం మా ఇంట్లో మామూలు. కొనేటప్పుడు పెద్ద కాయ చూసి మోసపోకండి. చేతికి బరువుగా, తోలు నున్నగా, నొక్కితే కాస్త మెత్తగా వున్న చిన్న కాయలో రసం ఎక్కువ.

ఈ యేడు మా అమ్మాయి డబ్బా పాలు తీసుకురాలేదు. వస్తూ తెనాలిలో దిగి నిమ్మకాయలు తెచ్చింది. మీ ఇంట్లోనూ దాహం వెయ్యడం లేదనే పెద్దవాళ్లుంటే గ్లాసొక్కటే తీసుకువెళ్లి నిలబడకండి. ముంతా తోడూ కూడా వాళ్ల ముందు పెట్టి, ఎట్లా చెయ్యమంటారో అడిగి చూడండి.