వృద్ధుల మౌనము

సత్రమను మాటకు మన దేశమున నొక గౌరవము గలదు. త్రోవన పోవు నపరిచితునకు నింత నీడయు, నింత యన్నమును దొరకు చోటది. ఆ మాటనే తన పేరున ధరించిన యూరు దొరవారిసత్రము. గూడూరునుండి చెన్నపట్టణమునకు పోవు రైలుమార్గమున నున్నది. 2022వ సంవత్సరము వరకు నెల్లూరు జిల్లాలోనిది, ఇప్పుడు తిరుపతి జిల్లాలోనిది. ఈ మండలమునందే నేలపట్టు చెరువు గలదు. ఈశాన్యపు వానలు మొదలగు దినములలో గూడబాతులు వచ్చి అచ్చటి కడపచెట్లపై గూళ్లు కట్టుకొనును. ఆ వానలతోపాటు వచ్చువారు మఱికొందఱు గలరు. వారిని గూర్చియే మేమిప్పుడు వ్రాయుచున్నాము.

మా మేనత్త ఈ ప్రాంతపు పల్లెలో పాత మిద్దెయింట నొంటరిగా నున్నది. ఆమె వయస్సు డెబ్బదియెనిమిది. కుమారు లిరువురును చెన్నపట్టణమున నుద్యోగములు చేయుచున్నారు. క్రిందటేడు కార్తికమాసమున మోటారుసైకిలుపై నొకడు వచ్చి, తాను మిద్దెలు కారకుండ మందు పూయువాడనని చెప్పి, ఆమె యడుగకయే నిచ్చెన వేసికొని పైకెక్కెను. దిగివచ్చి, “అవ్వా, దూలం నాని పోయింది. ఈ వానకు కూలితే నీ మంచంమీదే పడుతుంది” అనెను. పదునెనిమిదివేల రూపాయలు పుచ్చుకొని, సున్నపునీళ్లవంటి తెల్లని పూత పూసి వెడలిపోయెను. తరువాతి వానకు మిద్దె మునుపటికంటె నెక్కువగా కారెను.

సంగతి తెలిసి మేము వెళ్లితిమి. ఇరుగుపొరుగువారు వినుచుండగానే, “అత్తా, ఊరూ పేరూ తెలియనివాడి చేతిలో అంత సొమ్ము ఎట్లా పోశావు? మాకు ఒక్కమాట చెప్పకూడదా?” అని మందలించితిమి. ఆమె తల వంచుకొని బియ్యములోని రాళ్లేరుచుండెను. గొప్ప హితోపదేశము చేసితిమను తృప్తితో మేమిల్లు చేరితిమి.

వైశాఖమున మరల వెళ్లినప్పుడు ఆమె కుడిచేతి బంగారుగాజు కానరాలేదు. ఎంతయో యడిగినమీదట తెలిసినది. సంక్రాంతి వెళ్లినంతనే ఆ మనుష్యుడే తిరిగివచ్చి, రెండవ పూత లేనిదే మొదటిది నిలువదని చెప్పి పండ్రెండువేలడిగెను. ఆమె గాజు తాకట్టు పెట్టి యిచ్చెను. ఏల చెప్పలేదని యడిగితిమి. “చెప్తే మళ్లీ తిడతావని” అనెను.

ఆ మూడు మాటలు మమ్ము నిద్రపోనీయలేదు. పండ్రెండువేలు కాజేసినవాడు వాడే. కాని యామె నోటికి తాళము వేసినవారము మేము.

ముప్పదియేండ్లవాడు మోసపోయిన, అమ్మినవాడు దొంగయని లోకము పలుకును. ఎనుబదియేండ్లవారు మోసపోయిన, మతి పోయినదని పలుకును. ఆపైన బిడ్డలు బ్యాంకుపుస్తకమును, పెట్టె తాళపుచెవులను తమ స్వాధీనము చేసికొందురు. అట్లు చేయుట ప్రేమచేతనే కావచ్చును. కాని ముసలివారికది బ్రదికియుండగనే యిల్లు పోగొట్టుకొనుటతో సమానము. కావున సొమ్ము పోయినను సరే, తాళపుచెవులు పోరాదని వారు నోరు మూసికొందురు. వంచకునకు గొప్ప తెలివితేట లక్కరలేదు. ఈ సంగతి తెలిసిన చాలును. వృద్ధుల సిగ్గే వాని మూలధనము. మన మందలింపులే దానిపై పెరుగు వడ్డీ.

ఈసారి మేము మందలింపక, కాగితము దీసికొని యామె ప్రక్కన కూర్చుంటిమి. వాడెన్నడు వచ్చెను, ఏమనెను, ఎంత పుచ్చుకొనెను అని యామె చెప్పుచుండగా వరుసగా వ్రాసితిమి. పూత వన్నెయు, నిచ్చెన వేసిన గోడయు, వాడడిగి త్రాగిన మజ్జిగయు నామెకు జ్ఞాపకమున్నవి. మతి పోయినవారి జ్ఞాపకమట్లుండునా?

వినియోగదారుల రక్షణకై మన దేశమున 1986లో నొక చట్టము పుట్టెను. దాని స్థానమున 2019లో మఱియొకటి వచ్చెను. చేసిన పనికి రసీదు ఇయ్యకుండుటయే ఈ క్రొత్త చట్టము ప్రకార మక్రమ వ్యాపారము. రసీదు లేదు గదా యని నిరాశపడువారు ముందుగా దీనిని తెలిసికొనవలెను. మోసపోయినవారు తాము కాపురముండు జిల్లాలోని కమీషనునందే ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించినది అయిదు లక్షలకు మించనిచో రుసుము లేదు. వకీలును పెట్టుకొని తీరవలెనను నియమమును లేదు. రెండేండ్లలోపల మాత్రము వేయవలెను. 1915 అను సంఖ్యకు ఫోను చేసినను ఫిర్యాదు వ్రాసికొందురు. వృద్ధుల కష్టములు వినుటకు 14567 అను సంఖ్య వేరుగా గలదు.

మొదటి సొమ్మును పొరుగింటి కుఱ్ఱవాడు తన ఫోనునుండి పంపియుండెను. దానినిబట్టి మనుష్యుని జాడ తెలిసినది. రిజిస్టరు తపాలాలో నోటీసు పంపితిమి. మూడు వారములకు ఇరువదివేలు తిరిగి వచ్చినవి. గాజు విడిపించితిమి. తక్కిన పదివేలకై ఫిర్యాదు వేయుదుమా, మానుదుమా యను ప్రశ్నకు మేము సమాధానము చెప్పక ఆమెనే యడిగితిమి. “వెయ్యి నాయనా. పదివేలకోసం కాదు. వాడు ఇంకో ముసలిదాని నిచ్చెన ఎక్కకుండా” అనెను. ఆ కాగితముపై తన చేవ్రాలు తానే చేసెను.

చదువరులారా, మీ యింటి పెద్దలు మోసపోయిరని విన్నప్పుడు “ఎందుకిచ్చితివి?” అని యడుగకుడు. “వాడేమనెను?” అని యడుగుడు. వారు చెప్పినది వ్రాయుడు. కమీషనుకు పోవలసిన నాడు తోడుగా పొండు. వారికి బదులుగా మాటలాడకుడు. వానలకు ముందే పల్లెలోని పడుచువా రొక్క పూట ముసలివారి మిద్దెలెక్కి చూచిన, కూలునను బెదరింపున కెవరును లొంగరు. అపరిచితునకు తావిచ్చుట నెఱిగిన జాతి, తన వృద్ధులు సిగ్గుపడక నోరు విప్పుటకు నింత తావీయజాలదా?