ఎడనీరు: ఒక పల్లె, ఒక దావా

కేరళ రాష్ట్రానికి ఉత్తరపు కొనన, కర్ణాటక సరిహద్దును ఆనుకొని కాసరగోడు జిల్లా ఉన్నది. 1956 వరకు ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోని దక్షిణ కన్నడ జిల్లాలో భాగం. అనగా 1953లో ఆంధ్ర రాష్ట్రం అవతరించే వరకు మన కోస్తా, రాయలసీమ జిల్లాలకూ దీనికీ రాజధాని ఒక్కటే. మలయాళం, కన్నడం, తుళు, కొంకణి ఇక్కడ ఒకే బజారులో వినిపిస్తాయి. చంద్రగిరి నదికి ఉత్తరాన ఉన్న భాగాన్ని నాటి మైసూరు రాష్ట్రానికి ఇవ్వవలసినదిగా 1967లో మహాజన్ కమిషన్ సిఫారసు చేసినా అది అమలు కాలేదు.

ఎల్.టి.సి. పై కేరళ వెళ్ళే మన ఉద్యోగులలో చాలామంది కొచ్చి, మున్నారు చూసుకొని తిరుగు ప్రయాణం కడతారు. మేము నాలుగు కుటుంబాల వారము చెన్నైలో మంగళూరు మెయిల్ ఎక్కి, మరునాడు కాసరగోడులో దిగాము. పిల్లల ధ్యాస అంతా బేకల్ కోట మీద, ఆడవారి మనసు మధూరు వినాయకుని మీద ఉన్నది. ఎడనీరు పేరు విన్నవారు మాలో ఇద్దరే. వారి పట్టుదల వల్లనే మిగిలిన అందరమూ వ్యాను ఎక్కవలసి వచ్చినది.

చెర్కళ దాటిన తరువాత దారి ఎర్రని జేగురు నేల మీదుగా, పోకతోటల నడుమ సాగుతుంది. ఇక్కడి నేలలో నుండి రాతిని ఇటుకలవలె కోసి గోడలు కడతారు. సన్నగా, నిటారుగా పెరిగిన పోకచెట్ల నీడలో మిరియపు తీగెలు పాకి ఉంటాయి. ఎడనీరు మఠం ఆది శంకరుల శిష్యుడైన తోటకాచార్యుల పరంపరకు చెందినదని చెబుతారు. యక్షగానానికీ, కర్ణాటక సంగీతానికీ ఈ మఠం చిరకాలంగా ఆదరణ ఇస్తున్నది. ఆవరణలో అడుగుపెట్టినవారికి, ఈ నిశ్శబ్దంలో నుండి ఇంతటి వ్యాజ్యం ఎట్లు పుట్టినదా అని ఆశ్చర్యం కలుగక మానదు.

ఈ మఠాధిపతి కేశవానంద భారతి స్వామి 1970 మార్చిలో సుప్రీం కోర్టును ఆశ్రయించారు. కేరళ భూసంస్కరణల చట్టం వలన మఠం భూములు పోతున్నవి, అది మా మత సంస్థ నిర్వహణ హక్కుకు భంగమని వారి వాదన. ఆ దావా విచారణకు రాకముందే పార్లమెంటు రాజ్యాంగానికి 24, 25, 29వ సవరణలు చేసినది. రాజ్యాంగంలోని ఏ భాగాన్నయినా సవరించే అధికారం పార్లమెంటుకు ఉన్నదని మొదటిది ప్రకటించినది. బ్యాంకుల జాతీయకరణ చట్టాన్ని 1970లో కోర్టు కొట్టివేసినందుకు జవాబుగా రెండవది వచ్చినది. కేరళ చట్టాలను తొమ్మిదవ షెడ్యూలులో చేర్చి కోర్టుల ప్రశ్నకు అందకుండా చేయడమే మూడవదాని ఉద్దేశం. ఆ విధంగా ఒక మఠం భూముల తగాదా, పార్లమెంటు అధికారానికి హద్దు ఉన్నదా లేదా అనే ప్రశ్నగా మారిపోయినది.

వ్యానులో మా యూనియన్ మిత్రుడు ఊరుకోలేదు. "ఏమండీ, దున్నేవానికి భూమి రావడం తప్పా? స్వాములవారి భూమి కోసం మనం ఇంత దూరం రావాలా?" అన్నారు. ఆయన ప్రశ్నలో న్యాయం ఉన్నది. తరతరాలుగా కౌలు చెల్లించిన కుటుంబాలు కేరళలో ఆ చట్టం వల్లనే భూమికి హక్కుదారులైనవి. ఫైనాన్సు విభాగం మిత్రులు మాత్రం, "చట్టం మంచిదే కావచ్చు సార్. రేపు మంచిది కాని చట్టాన్ని కూడా ఇదే దారిలో తెస్తే అడిగేవారెవరు?" అని బదులిచ్చారు. మా వరకు ఇద్దరి మాటా నిజమే అనిపించినది. ఈ దావాలోని చిక్కు కూడా అదే.

పదముగ్గురు న్యాయమూర్తులు 1972 అక్టోబరు 31 నుండి 1973 మార్చి 23 వరకు, 68 రోజులు వాదనలు విన్నారు. స్వామివారి పక్షాన నానీ పాల్కీవాలా, కేరళ ప్రభుత్వం పక్షాన హెచ్.ఎం. సీర్వాయ్ నిలిచారు. ఏప్రిల్ 24న ఏడుగురు ఒకవైపు, ఆరుగురు మరొకవైపుగా తీర్పు వెలువడినది. రాజ్యాంగాన్ని సవరించవచ్చును గాని దాని మౌలిక స్వరూపాన్ని చెరిపివేయరాదని మెజారిటీ తేల్చినది. ఆ ఏడుగురిలో హైదరాబాదుకు చెందిన పి. జగన్మోహన్ రెడ్డి గారు ఒకరు. అంతకు ముందు 1967లో గోలక్‌నాథ్ కేసులో, ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించజాలదని తీర్పు చెప్పిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు రాజమండ్రి బిడ్డ. ఆ తీర్పును ఈ తీర్పు తోసిపుచ్చినది. అయినా పార్లమెంటుకు ఒక గీత గీయాలన్న ఆలోచన మరొక రూపంలో నిలిచినది.

ప్రభుత్వం ఊరుకోలేదు. తీర్పు వచ్చిన వెంటనే, మెజారిటీలో ఉన్న ముగ్గురు సీనియర్ న్యాయమూర్తులను దాటవేసి ఎ.ఎన్. రే గారిని ప్రధాన న్యాయమూర్తిగా నియమించినది. ఆ ముగ్గురూ రాజీనామా చేశారు. కోర్టు పార్లమెంటుకు గీత గీస్తే, కోర్టులో ఎవరు కూర్చోవాలో ప్రభుత్వం గీత గీసినదన్న మాట! 1976లో 42వ సవరణ, రాజ్యాంగ సవరణలను ఏ కోర్టులోనూ ప్రశ్నించరాదని శాసించినది. 1980లో మినర్వా మిల్స్ కేసులో సుప్రీం కోర్టు ఆ నిబంధనను కొట్టివేసినది. 1994లో బొమ్మై కేసులో, రాష్ట్రపతి పాలన విధింపు కూడా న్యాయసమీక్షకు లోబడినదేనని తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం స్పష్టం చేసినది.

మన వంటి సంస్థల ఉద్యోగులకు ఇది ఎక్కడో దూరపు విషయం కాదు. ప్రభుత్వ రంగ సంస్థ సైతం రాజ్యాంగం 12వ అధికరణ క్రింద 'రాజ్యం'గా పరిగణింపబడుతుందని కోర్టులు నిర్ణయించినందువల్లనే, మన సర్వీసు విషయాలలో సమానత్వ హక్కును అడుగగలుగుతున్నాము. మా యూనియన్ మిత్రుడు ఈ మాట విని కాసేపు మౌనంగా ఉండి, "అట్లయితే ఈ కేసు మాక్కూడా పనికి వచ్చిందన్న మాట" అన్నారు.

స్వామివారికి మాత్రం భూముల విషయంలో ఊరట దక్కలేదు. 29వ సవరణ చెల్లునని కోర్టు తేల్చినది. ఆయన 2020 సెప్టెంబరు 6న పరమపదించారు. న్యాయశాస్త్ర విద్యార్థులు ఆయన పేరును కేసు పేరుగానే ఎరుగుదురు. ఇక్కడి ఊరివారికి ఆయన సంగీతం పాడిన స్వామి.

ఎడనీరుకు కాసరగోడు నుండి ఒక పూట చాలును. జూన్ నుండి సెప్టెంబరు వరకు వర్షాలు ఎడతెగక కురుస్తాయి గనుక ఆ నెలలలో పిల్లలతో బయలుదేరకపోవడం మేలు. బేకల్ కోటను సాయంకాలానికి పెట్టుకోండి.