పురానాపూల్ దగ్గర ఎవర్ని లెక్కపెడుతున్నాం?

మన సాఫ్టువేరు వాళ్ళకి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. నాలుగు అంచెల్లో జరిగే పనిలో మూడింటిని ఎంత పరిగెత్తించినా, నాలుగోది నత్తనడక నడిస్తే వాడేవాడికి కనపడేది ఆ నత్తే. ఈ సూత్రం రోడ్లకి వర్తించదనుకునేవాళ్ళు ఓ సాయంత్రం ఆరాంఘర్ నించి పురానాపూల్ దాకా వెళ్ళి చూడాలి.

బహదూర్‌పురా ఫ్లైఓవర్ 2022 ఏప్రిల్లో తెరిచారు. ఆరాంఘర్ - జూపార్కు ఫ్లైఓవర్ 2025 జనవరిలో తెరిచి, మన్మోహన్ సింగ్ పేరు పెట్టారు. పొడవు నాలుగు కిలోమీటర్లు, ఖర్చు దాదాపు 800 కోట్లు. బాగున్నాయి, కాదనను. ఇదివరకు కింద ఈదుకుంటూ వచ్చే బళ్ళు ఇప్పుడు పైనుంచి జోరుగా వచ్చి దిగుతున్నాయి. సరే, దిగి ఎక్కడికి పోతాయి? అఫ్జల్‌గంజ్ వైపు పోవాల్సినవి పురానాపూల్ దగ్గరకొచ్చి చేరతాయి. అక్కడ పాతబస్తీ రోడ్డు పాతబస్తీ రోడ్డే.

ఇక వినపడే సలహా తెలిసిందే: ఇంకో ఫ్లైఓవర్ కట్టండి, లేదా తోపుడుబళ్ళని తీసేయండి. ఈ రెండే ఎందుకు తడతాయంటే, మన కొలతలోనే ఉంది కిటుకంతా. ట్రాఫిక్ ఇంజనీర్లు దేన్నైనా కార్లలోకి మార్చి లెక్కేస్తారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990 నాటి పట్టణ రోడ్ల మార్గదర్శకాల్లో కారు 1, బస్సు 2.2 నించి 3.7, తోపుడుబండి 2 నించి 3. అంటే యాభైమందిని మోసే బస్సు ఆ పట్టికలో నాలుగు కార్లంత అడ్డం! నడిచేవాడికైతే అసలు వరసే లేదు. పట్టికలో లేనివాడు ప్లానులోకి ఎలా వస్తాడండీ?

పురానాపూల్లో ఉన్నదంతా ఆ లేనివాళ్ళే. 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కట్టించిన వంతెన అది, చార్మినార్ కంటే పదమూడేళ్ళు పెద్దది. 22 కమానులతో 1908 మూసీ వరదని కూడా తట్టుకుంది. బళ్ళు పక్కనున్న కొత్త వంతెనకి మారాక, దానిమీద కూరగాయల బజారు వెలిసింది. నాలుగొందల ఏళ్ళనాటి వంతెన ఇప్పటికీ జనానికి అన్నం పెడుతోంది. మన లెక్కలో మాత్రం అది ట్రాఫిక్‌కి అడ్డంకి.

రోడ్డు బాగుచెయ్యడమంటే బజారుని తరిమెయ్యడమేనా? ఆ వరద తరవాత 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పక్కనే పత్తర్‌గట్టీలో రోడ్డుతోపాటు వరసగా రాతి కమానుల దుకాణాలూ కట్టింది. దుకాణందారూ, నడిచేవాడూ, బండీ ముగ్గురూ ప్లానులో ఉన్నారు. వందేళ్ళ క్రితం, కంప్యూటర్లు లేకుండా!

మనలో చాలామంది విమానాశ్రయానికి ఔటర్ మీదో, పీవీ ఎక్స్‌ప్రెస్ వే మీదో పోతాం. కనక పురానాపూల్ మన సమస్యగా అనిపించదు. కానీ తప్పు కొలతతో కట్టిన సిస్టం ఎలా ఉంటుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? అక్కడ ఏం కట్టాలో తేల్చేముందు ఒక్క రోజు, తెల్లారగట్ల కూరగాయలొచ్చే వేళనించి రాత్రి దాకా, బళ్ళని కాకుండా మనుషుల్ని లెక్కపెట్టించమనండి. బస్సులో ఎందరు, నడిచి ఎందరు, బజారులో ఎందరు అని. బస్సుకి ఒక వరస, నడవడానికి కాలిబాట, తోపుడుబండికి నిలబడే చోటు, వీటికి 800 కోట్లు అక్కర్లేదు. ఆ తరవాత కూడా ఫ్లైఓవరే కావాలని తేలితే, అప్పుడు కట్టుకోవచ్చు.