రిజిస్టర్లో నా పేరు

నా పేరు షేక్ మస్తాన్ వలీ. గుంటూరులో మిర్చి నిలవచేసే ఓ కోల్డ్ స్టోరేజిలో 9 ఏళ్ళు గుమాస్తాగా చేశాను. అక్కడి రిజిస్టర్లో మాత్రం నేను ఎస్. మస్తాన్‌రావుని.

చేరిన రోజే మేనేజరు అలా రాసేశాడు. "సాయిబు పేరైతే రైతులకు నోరు తిరగదయ్యా. మస్తాన్‌రావంటే అందరివాడివిగా ఉంటావు" అన్నాడు. మా వైపు మస్తాన్ అని హిందువులూ పెట్టుకుంటారు. నవ్వి ఊరుకున్నాను. ఇంట్లో పొయ్యి వెలగాలి గదా! అబ్బా మాత్రం ఆ రాత్రి అన్నం దగ్గర "పేరు అమ్ముకొచ్చావా బేటా" అన్నాడు.

2003లో మానేశాక తెలిసింది ఆ పేరు ఖరీదు. ప్రావిడెంట్ ఫండ్ దరఖాస్తు తిరిగొచ్చింది. ఫండ్ లెక్కలో మస్తాన్‌రావు, బ్యాంకు పుస్తకంలో మస్తాన్ వలీ. ఇద్దరూ ఒకడేనని యజమానీ నేనూ కలిసి సంతకాలు పెట్టి ఇవ్వాలన్నారు.

యజమాని దగ్గరికి వెళ్తే ఇంకో కాగితం ముందుకు తోశాడు. 'నాకు రావలసినదంతా ముట్టింది' అని ఉంది. గ్రాట్యుటీ పైసా ముట్టలేదు. అప్పటి 1972 చట్టం ప్రకారం 5 ఏళ్ళు నిండినవాడికి ఏడాదికి 15 రోజుల జీతం రావాలి. నా నెల జీతం 2,600. 26తో భాగిస్తే రోజుకు 100. 9 ఏళ్ళకు 13,500 రూపాయలు. అవి వదులుకుంటే నా పేరు నాకిస్తాడట!

సంతకం పెట్టలేదు. లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టాను. దాచుకున్న జీతం చీటీలు, రాజీనామా నకలు మీద వేయించుకున్న ముద్ర, తేదీ నన్ను నిలబెట్టాయి. 11 నెలలు తిరిగితే రెండూ వచ్చాయి.

2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకొచ్చింది. ఏడాదికి 15 రోజుల లెక్క అందులోనూ ఉంది. కాగితాల జాగ్రత్తా మారలేదు. రాజీనామా రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు రాయించుకోవాలి. నోటీసు గడువు చూసుకోవాలి. సర్వీసు సర్టిఫికెట్ అడిగి తీసుకోవాలి. డబ్బు చేతికి రాకుండా ముట్టిందని రాయకూడదు. ఖాళీ కాగితం మీద అసలే సంతకం పెట్టకూడదు.

ఇవి అందరికీ చెప్పేవే. మనవాళ్ళకు ఇంకొకటి చెప్పాలి. ఇంటిపేరు ముందొకచోట, వెనకొకచోట, ఖాన్ ఉండీ లేకా, బాషా ఒకచోట పాషా ఒకచోట - మన పేర్లు రాసేవాడి ఇష్టమైపోయాయి. మానేయకముందే దిద్దించుకోవాలి.

మొన్న మావాడికి ఉద్యోగమొచ్చింది. జీతమెంతని అడగలేదు. నీ పేరు మూడు ముక్కలూ సరిగ్గా పడ్డాయో లేదో చూసుకున్నావా అని అడిగాను.